నలభై రెండో రోజు

ఎలమంచిలి పక్కన పంచదార్లలో శివుడి పేరు ధర్మలింగేశ్వరుడు. ఆ లింగాన్ని నిలిపింది యమధర్మరాజేనంటారు. లోకాన్ని అదుపులో పెట్టే దేవుడే తపస్సు చేసుకున్న చోట నిలబడి, మనం పట్టే దీక్షల గురించి, వాటిని విడిచిన మర్నాటి గురించి కొన్ని మాటలు.

కార్తీక సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకే ఎలమంచిలిలో ఆటోలు నిండిపోతాయి. తడి జుట్టు ముడి వేసుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో అరటి దొప్పలు, ఆవునేతిలో నానబెట్టిన వత్తుల డబ్బా. నల్ల పంచె, మెడలో మాల, కాళ్ళకు చెప్పుల్లేని మగవాళ్ళు. నిద్రమత్తు వదలని పిల్లలు. రోడ్డుకు రెండు పక్కలా మంచులో తడిసిన చెరకు తోటలు, వరి మళ్ళు. వెనక స్టేషన్ వైపు నుంచి రైలు కూత. కొద్ది కిలోమీటర్లు పోగానే కొండ, కొండ కింద దీపాలు. ఊరు ధారపాలెం. జనం నోట పంచదార్ల.

పేరు వినగానే పిల్లలకు పంచదార గుర్తొస్తుంది. చెరకు పండే నేల, కాస్త దూరంలో అనకాపల్లి బెల్లం మార్కెట్టు, అలా అనుకోవడంలో తప్పేం లేదు. కానీ ఇవి ఐదు ధారలు. కొండ ఎక్కడో లోపల దాచుకున్న వాన నీరు ఇక్కడికొచ్చి ధారలుగా పడుతుంది. మొదటి చెంబు ఒంటిమీద పడేదాకానే చలి అంటారు. నిజమే. రెండో చెంబుకి ఒళ్ళు ఒప్పుకుంటుంది, మూడో చెంబు తనే అడుగుతుంది. చన్నీళ్ళ స్నానంలో ఉన్న విద్యంతా ఆ మొదటి చెంబులోనే ఉంది. ఒళ్ళు వద్దని నోరు తెరిచేలోగా చెయ్యి కదలాలి.

స్నానం చేసి మెట్లెక్కితే ఉమా ధర్మలింగేశ్వరుడి గుడి. యమధర్మరాజు ఇక్కడ తపస్సు చేసి ఈ లింగాన్ని ప్రతిష్ఠించాడని, అందుకే ఆ పేరని స్థలపురాణం. మన దేశంలో రాముడు ప్రతిష్ఠించిన లింగాలున్నాయి, పరశురాముడు ప్రతిష్ఠించినవి ఉన్నాయి, చేసిన తప్పు కడుక్కోవడానికి ఇంద్రుడు ప్రతిష్ఠించినవీ ఉన్నాయి. యముడు చేతులు కట్టుకుని నిలబడ్డ చోటు మాత్రం అరుదు. అందరి లెక్కలూ అడిగే దేవుడు తన లెక్క తాను చూసుకోవడానికి ఒక కొండ కిందికి వచ్చి కూర్చున్నాడన్నమాట. చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన ఈ ఒక్క ముక్క నన్ను ఇన్నేళ్ళయినా వదల్లేదు.

ఈ గుడిలోనే కోటిలింగం అని పిలిచే లింగం ఒకటి ఉంది. ఒకే రాయి మీద వరుసలు వరుసలుగా చిన్న చిన్న లింగాలు చెక్కారు. వేలితో తడుముతూ లెక్కపెట్టబోయి పిల్లలు మధ్యలో వదిలేస్తారు. చెక్కిన శిల్పి మాత్రం వదల్లేదు. నిష్ఠ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ రాయే గుర్తొస్తుంది. వెయ్యో లింగం దగ్గర కూడా ఉలి మొదటి లింగం దగ్గర ఉన్నంత జాగ్రత్తగానే ఉంది.

పగ్గం

తెలుగులో యముడంటే భయం. యమకింకరులు, యమపాశం, యమగండం. లెక్కల మాస్టారు కాస్త గట్టివాడైతే పిల్లలు చాటుగా ఆయనకు పెట్టే పేరూ అదే. సంస్కృతంలో ఆ మాటకు చెప్పే పుట్టుక వేరు. ‘యమ్’ అనే ధాతువుకు పట్టి ఉంచడం, అదుపు చేయడం అని అర్థం. సంయమం, నియమం, ప్రాణాయామంలోని ఆయామం అన్నీ ఆ ఇంటి పిల్లలే. అంటే యముడి చేతిలో ఉన్నది పాశం కావడానికి ముందు పగ్గం.

పతంజలి యోగానికి ఎనిమిది అంగాలు చెప్పి, మొదటిదానికి యమం అని పేరు పెట్టాడు. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం ఈ ఐదూ అందులోవి. తర్వాతిది నియమం. శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం దానిలోకి వస్తాయి. ఈ వరుసను కాస్త నిదానంగా చూడాలి. స్నానం, జపం, ఉపవాసం లాంటివన్నీ రెండో మెట్టు మీద ఉన్నాయి. ఎదుటి ప్రాణిని నొప్పించకపోవడం, అబద్ధం ఆడకపోవడం, పరుల సొమ్ము ముట్టకపోవడం, అవసరానికి మించి పోగెయ్యకపోవడం మొదటి మెట్టు. ఆసనాలు మూడోది. 2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. ఆ దృశ్యం చూసి సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ మూడో మెట్టు మీద చాప పరుచుకునే ముందు కింద రెండు మెట్లున్నాయని మనకు ఎవరైనా చెబుతున్నారా అన్నది నా బెంగ. కింది మెట్లకు వీడియోలుండవు. అవి ఇంట్లో, అంగట్లో, కాటా దగ్గర ఎక్కాల్సినవి.

కాటా అన్నాను కాబట్టి ఒక మాట. తెలుగువాళ్ళు ధర్మాన్ని పుస్తకాల్లో పెట్టి ఊరుకోలేదు, వీధిలోకి తెచ్చారు. బిచ్చం ధర్మం. ఉచితంగా వైద్యం చేసేది ధర్మాసుపత్రి. బాటసారికి నీడనిచ్చేది ధర్మసత్రం. హైవే మీద లారీలు తూచేది ధర్మకాటా. చెయ్యకుండా ఊరికే చెప్పే మాటలకు కూడా ఒక పేరు పెట్టుకున్నాం, ధర్మపన్నాలు అని. ఒక జాతి తన భాషలో ఇంత స్పష్టంగా తేడా గీసుకుందంటే, చెప్పే ధర్మానికీ చేసే ధర్మానికీ మధ్య ఉన్న దూరం దాన్ని చాలాకాలం బాధపెట్టి ఉండాలి.

యముడు గురువుగా కనిపించేది కఠోపనిషత్తులో. తండ్రి కోపంలో అన్న మాట పట్టుకుని నచికేతుడు యముడి ఇంటికి వెళ్తాడు. యముడు ఇంట్లో లేడు. పిల్లవాడు మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో కూర్చున్నాడు. తిరిగొచ్చిన యముడు ఏం చేశాడు? మృత్యువే వచ్చి పిల్లవాడికి నమస్కారం చేసి, అతిథిని పస్తుంచిన తప్పు తనదని ఒప్పుకుని, ఒక్కో రాత్రికి ఒక్కో వరం చొప్పున మూడు వరాలు ఇస్తానన్నాడు. ఉపనిషత్తు గొప్పదనం గురించి మాట్లాడేటప్పుడు మనం తిన్నగా ఆత్మవిద్యకు వెళ్ళిపోతాం. నాకు మాత్రం ఈ గుమ్మం దగ్గరి సన్నివేశమే ముందు. ఆత్మ గురించి చెప్పే అర్హత యముడికి ఎక్కడ వచ్చిందంటే, పసివాడి ముందు తప్పు ఒప్పుకున్న ఆ క్షణంలోనే వచ్చింది.

ఆ తర్వాతే రథం పోలిక. ఒళ్ళు రథం, ఇంద్రియాలు గుర్రాలు, బుద్ధి సారథి, మనసు పగ్గం, లోపల కూర్చున్నవాడు ఆత్మ. గుర్రాలను చంపమని యముడు చెప్పలేదు. గుర్రాలు లేకపోతే రథం కదలదు. పగ్గం పట్టుకోవడం తెలిసిన సారథి కావాలన్నాడు, అంతే. నిగ్రహమంటే కోరికల గొంతు నులమడం అనుకునేవాళ్ళు ఈ పోలికను మళ్ళీ ఒకసారి చదువుకోవాలి.

తూనీగ

పంచదార్ల గుడి స్తంభాల మీద 15వ శతాబ్దం మొదట్లో ఎలమంచిలి చాళుక్యులు వేయించిన శాసనాలున్నాయి. తమది తూర్పు చాళుక్య వంశమని వాళ్ళు చెప్పుకున్నారు. ఆ తూర్పు చాళుక్యుల్లోనివాడే రాజరాజనరేంద్రుడు, రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టించినవాడు. ధర్మలింగేశ్వరుడి ముందు నిలబడితే నాకు భారతం గుర్తురావడానికి ఆ చుట్టరికం ఒక సాకు. అసలు కారణం, యముడి కథలు అందులో దొరికినట్టు మరెక్కడా దొరకవు.

ఆదిపర్వంలో మాండవ్యుడనే ముని ఉన్నాడు. మౌనవ్రతంలో ఉండగా రాజభటుల నుంచి పారిపోతున్న దొంగలు దోచిన సొమ్ము ఆయన ఆశ్రమంలో దాచారు. భటులు అడిగితే ఆయన మౌనం వదల్లేదు. దొంగల్లో ఒకడనుకుని శూలం మీద కొరత వేశారు. తపోబలంతో చావలేదు. తప్పు తెలుసుకున్న రాజు దించబోతే శూలం ఊడి రాలేదు, మొన ఒంట్లోనే ఉండిపోయింది. అందుకే ఆయన అణిమాండవ్యుడు. ఆయన తిన్నగా యముడి దగ్గరికి వెళ్ళి ఒకటే అడిగాడు, నేను చేసిన తప్పేమిటని. చిన్నతనంలో తూనీగల్లాంటి పురుగులను పుల్లతో గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు. మాండవ్యుడికి కోపం వచ్చింది. ఏం చేస్తున్నానో తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా? ఇకనుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు చేసింది పాపం కాదని కట్టడి చేసి, భూమ్మీద దాసి కడుపున పుట్టమని యముణ్ణి శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు.

మా వీధిలో వర్షాలు తగ్గాక తూనీగలు వచ్చేవి. తోకకు దారం కట్టి ఎగరేసేవాళ్ళం. నాయనమ్మ చూసిందంటే చీపురుకట్ట తీసుకునేది. కొట్టేది కాదు. ఈ కథ చెప్పేది. చెప్పి చివర, ‘ఆ ముని కావాలని ఏడిపించలేదురా తూనీగని, తెలీక చేసేడు. నీకు ఇప్పుడు తెలిసిపోయింది కదేటి’ అనేది. పద్నాలుగేళ్ళ మినహాయింపు నాకు ఆ పూటతో చెల్లిపోయింది.

ఈ కథలో నన్ను నిలబెట్టేది శాపం కాదు, దాని లోపలి న్యాయం. ధర్మానికి అధిపతి కూడా కొలత తప్పితే శిక్ష పడుతుంది. శిక్ష వేసినవాడు ఒక ముని, అదీ శిక్షకు గురైన మనిషి. విదురుడిగా పుట్టిన యముడు ఆ జన్మంతా ఏం చేశాడో చూడండి. అధికారం లేదు. సింహాసనం లేదు. పుట్టుక కారణంగా సభలో తక్కువ చూపు. ఒకప్పుడు చేతిలో దండం ఉన్నవాడికి ఇప్పుడు ఉన్నది నోటి మాట ఒక్కటే. నిద్రపట్టని ధృతరాష్ట్రుడికి రాత్రంతా కూర్చుని నీతి చెప్పాడు, వింటాడన్న ఆశ లేకపోయినా చెప్పాడు. చివరికి అడవిలో ఒంటరిగా, యోగంతో ధర్మరాజులో కలిసిపోయాడు. ఇతరుల మీద అదుపు పోయాక మిగిలే నిగ్రహం ఎలా ఉంటుందో చూపించడానికే యముడికి ఆ జన్మ ఇచ్చారేమో అనిపిస్తుంది.

తర్వాత కూడా భారతంలో ఆయన మనుషులను పరీక్షిస్తూనే ఉంటాడు. యక్షుడిగా మడుగు ఒడ్డున, చివరి ప్రయాణంలో కుక్కగా. రెండు చోట్లా ధర్మరాజు నెగ్గింది పుస్తక జ్ఞానంతో కాదు. చనిపోయి పడి ఉన్న నలుగురు తమ్ముళ్ళలో ఒకణ్ణి బతికించుకోమంటే, భీముణ్ణీ అర్జునుణ్ణీ కాదని మాద్రి కొడుకు నకులుణ్ణి కోరాడు. కుంతికి తనున్నాడు, మాద్రికి కూడా ఒకడుండాలి కదా అన్నాడు. యుద్ధం ముంచుకొస్తున్న మనిషికి అర్జునుణ్ణి వదులుకోవడమంటే ఏమిటో ఊహించుకోండి. ఆ ఒక్క జవాబులో ఉన్నంత ఇంద్రియ జయం, మన్నించాలి, నలభై రోజుల ఉపవాసంలో ఉండదు.

కొంగ

తపస్సు అన్న మాటకు మూలం తాపం, వేడి. చెరకు గానుగలు చూసినవాళ్ళకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. రసం పెనం మీద మరుగుతున్నకొద్దీ మడ్డి పైకి తేలుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. తియ్యకుండా మంట మాత్రం పెంచుకుంటూ పోతే అదే మడ్డి బెల్లంలో కలిసిపోతుంది. దిమ్మ నల్లబడుతుంది. వేడి బెల్లాన్నీ ఇస్తుంది, మాడునూ ఇస్తుంది.

కౌశికుడనే బ్రాహ్మణుడి కథ సరిగ్గా ఇదే. చెట్టు కింద వేదం వల్లిస్తుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంగా తలెత్తి చూశాడు, కొంగ మాడి పడిపోయింది. చేసిందానికి కాస్త బాధపడి, లోపల ఎక్కడో తన శక్తికి మురుస్తూ, భిక్షకు ఒక ఇంటికి వెళ్ళాడు. ఇల్లాలు వస్తున్నా ఉండండి అంది. ఈలోగా భర్త ఆకలితో వచ్చాడు. ఆమె అతనికి అన్నం పెట్టి, ఆ పనులన్నీ అయ్యాక భిక్ష తెచ్చింది. కౌశికుడి కళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె భయపడలేదు. నేను కొంగను కానని నెమ్మదిగా చెప్పింది. అడవిలో జరిగింది ఇంట్లో ఉన్న ఆమెకు ఎలా తెలిసిందో అతనికి అర్థం కాలేదు. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్మే మనిషి దగ్గరికి వెళ్ళమని పంపింది. ధర్మవ్యాధుడు అంగడి నుంచి అతణ్ణి ఇంటికి తీసుకెళ్ళి పాఠం చెప్పాడు, ముసలి తల్లిదండ్రులను చూపించాడు. తన సాధన వాళ్ళేనన్నాడు.

వేదం చదువుకున్న తపస్వికి ఒక ఇల్లాలు, ఒక కసాయి గురువులయ్యారు. మన పురాణాలు ఇంత ధైర్యంగా చెప్పిన మాటను మనం అంత ధైర్యంగా వింటున్నామా అన్నది వేరే సంగతి.

ఆ ఇల్లాలి దగ్గర ఇంకాస్త ఆగుతాను. మార్గశిరం వస్తే మా ఎలమంచిలిలో ఏ వీధి చూసినా అయ్యప్ప స్వాములే. నలభై ఒక్క రోజుల మండల దీక్ష. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, పీఠం ముందు శరణుఘోష, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, నేల మీద చాప, కాళ్ళకు చెప్పుల్లేవు, గడ్డం తియ్యకూడదు, మాంసం లేదు, మద్యం లేదు, పొగ లేదు. తర్వాత ఇరుముడి కట్టుకుని పంపా నుంచి కొండెక్కి పద్దెనిమిది మెట్లు. ఆ మెట్ల పైన గుడి ముందు కనిపించే మాట ‘తత్త్వమసి’. నువ్వు వెతికేది నువ్వేనని. అందుకే దీక్షలో ఎదురుపడ్డ ప్రతివాడూ స్వామి. కూలి చేసేవాడూ స్వామి, ఆఫీసరూ స్వామి, పిల్లవాడు మణికంఠుడు, ఆడవాళ్ళంతా మాతలు. కొండకు వెళ్ళే దారిలో ఎరుమేలి మసీదులో వావరుకు దండం పెట్టి మరీ సాగుతారు. ఒక సామాన్యుడికి, అతనికి అర్థమయ్యే భాషలో, అద్వైతాన్ని ఇంతకంటే తేలిగ్గా నేర్పించిన పద్ధతి నాకు తెలియదు. ఈ దీక్షను మూఢభక్తి అని తోసేసేవాళ్ళతో నేను ఒప్పుకోను.

అయితే స్వామి నాలుగింటికి లేవాలంటే ఇంట్లో ఎవరో మూడున్నరకు లేవాలి. పొయ్యి అలికి, వేరే గిన్నెలు తోమి, మడిగా వండి, పీఠం దగ్గర పూలు సర్ది, పిల్లల్ని బడికి పంపి, తన కూలికో తన ఉద్యోగానికో పోయేది ఎవరో మనకు తెలుసు. ఆమె మెడలో మాల లేదు. ఆమెకు ఎవరూ ఇరుముడి కట్టరు. ఆమె దీక్షకు లెక్కపెట్టే రోజులు లేవు. నోముల పుస్తకాల్లో మూగనోము అని ఒకటుంది, మాట్లాడకుండా పట్టే నోము. మా అమ్మను చూస్తే, ఆ నోము పెళ్ళయిన దగ్గర్నుంచీ పడుతూనే ఉందనిపించేది.

అందుకే కొన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ నలభై ఒక్క రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూస్తారని చెబితే ఎవరూ ఆశ్చర్యపోకూడదు. పని పెరుగుతుందని తెలుసు. అయినా ఎదురుచూస్తారు. ఇంట్లో సీసా ఉండదు. అరుపులు ఉండవు. కూలి డబ్బు ఇంటికి వస్తుంది. పిల్లలు నాన్న పక్కన కూర్చుని భజన పాడతారు. ఒక మనిషి మారగలడని కళ్ళెదుట కనిపిస్తుంది. మాల విరమణ అయిన సాయంత్రం అదే మనిషి దుకాణం వైపు నడుస్తుంటే ఆ ఇంట్లో కలిగే దుఃఖం, మాల వెయ్యని మనిషి ఇంట్లో దుఃఖం కంటే పెద్దది. మారలేడేమో అనుకునే చోటు పోయింది కదా. నలభై ఒక్క రోజులు చేతనైనది నలభై రెండో రోజు ఎందుకు చేతకాదు? ఈ ప్రశ్న అడిగే హక్కు ఆ ఇల్లాలికి ఉంది.

ధనదిబ్బ

ఎలమంచిలి చుట్టుపక్కల ఈ పాఠం నిన్నటిది కాదు. రాంబిల్లి మండలం కొత్తూరు దగ్గర పాత బౌద్ధ స్థావరం ఉంది, స్తూపం దిబ్బ, కొండలో తొలిచిన గుహ. ఇటు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ. వందల ఏళ్ళ కిందట భిక్షువులు ఇక్కడ వానాకాలాలు గడిపారు. భిక్షాపాత్ర, చీవరాలు లాంటి కొద్దిపాటి వస్తువులు మినహా తమదంటూ ఏమీ ఉంచుకోని మనుషులు. వాళ్ళ పంచశీలలో మొదటి నాలుగూ పతంజలి చెప్పిన యమాలకు దగ్గర చుట్టాలే, ఐదోది మత్తు ముట్టవద్దని. కొత్తూరులో వాళ్ళు వదిలి వెళ్ళిన ఆ దిబ్బను మన జనం ధనదిబ్బ అని పిలుచుకున్నారు, లోపల నిధి ఉందనుకుని. అపరిగ్రహం బతికిన చోట ధనం కోసం వెతుక్కున్నాం. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

నిగ్రహం ఎప్పుడూ తన మీద తాను పెట్టుకునే కట్టు. మరొకరి మీద పెట్టేది పెత్తనం. ఈ తేడాను ఆధునిక కాలంలో గాంధీ అంత కఠినంగా పాటించినవాళ్ళు తక్కువ. ఆయన ఆశ్రమంలోని పదకొండు వ్రతాల్లో ఐదు అచ్చంగా పతంజలి యమాలే. వాటికి అస్వాదం చేర్చాడు, నాలుక రుచికి లొంగకపోవడం. అభయం చేర్చాడు. అంటరానితనం పాటించకపోవడాన్ని కూడా వ్రతంగా పెట్టాడు, స్నానం జపం లాగే రోజూ చేయాల్సిన సాధనగా. 1930లో యెరవాడ జైలు నుంచి వారానికో ఉత్తరంగా ఆశ్రమవాసులకు ఈ వ్రతాలను వివరించాడు. అంతకు ముందు 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టి పోలీసులను చంపినప్పుడు, దేశమంతా ఊపుమీదున్న ఉద్యమాన్ని ఆపి, ఐదు రోజులు నిరాహారంగా ఉన్నాడు. తప్పు చేసింది తను కాదు. శిక్ష వేసుకుంది తనకు. రాజకీయంగా అది ఒప్పా తప్పా అని ఇప్పటికీ వాదించుకుంటారు. పంచదార్లలో తపస్సుకు కూర్చున్న యముడికి మాత్రం ఆ ఐదు రోజులు అర్థమయ్యేవి.

మనం చేస్తున్నదేమిటి? మన ఉపవాసం మన ఒంటికే ఉండాలి. అది మెల్లగా పక్కింటివాడి కంచంలోకి తొంగిచూడటం మొదలుపెడుతుంది. మన మడి మన శుచి కోసం మొదలై, ఎదుటి మనిషిని దూరం నిలబెట్టడంతో ముగుస్తుంది. వేమన ఈ మాటే అడిగాడని బడి పిల్లలు కూడా అప్పజెబుతారు. అప్పజెప్పడం మనకు బాగా వచ్చు.

మా వీధి

మా నాన్న మొదటిసారి మాల వేసుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఎలమంచిలి ఇంకా పంచాయతీయే. మా వీధి ఊడవడానికి రోజూ ఒకావిడ వచ్చేది. చీపురు చప్పుడు వినగానే నాన్న అరుగు మీంచి ‘ఏయ్, ఇటు కూడా ఊడ్చు’ అనేవాడు. ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తాగడానికి నీళ్ళో టీయో అడిగితే పోయడానికి పిట్టగోడ మీద ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉండేది. అది ఆవిడది. మేమెవరం ముట్టుకునేవాళ్ళం కాదు. ఎందుకు ముట్టకూడదో ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు.

మాల వేసుకున్న మొదటి పొద్దున నాన్న ఆవిణ్ణి చూసి చేతులు జోడించి, ‘స్వామి శరణం, మాతా’ అన్నాడు. గురుస్వామి అలాగే అనమని చెప్పాడు మరి. ఆవిడ చుట్టూ చూసింది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండు మూడు రోజులు అలా నవ్వింది. నాలుగో రోజు నుంచి నవ్వలేదు. మా ఇంటి ముందుకు రాగానే కొంగు సర్దుకుని, ఆ మాట కోసం ఆగేది.

ఆ నలభై ఒక్క రోజులూ నాన్న గొంతు వీధిలోకి వినపడలేదు. అమ్మ వంటింట్లో పని చేసుకుంటూ సన్నగా పాడుకోవడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను.

ఇరుముడి కట్టే ముందు రోజు ఆవిడ ఊడవడం పూర్తి చేసి, చీపురు చంకన పెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చింది. ‘ఏటి బాబూ, ఆ నల్లగుడ్డ ఇప్పేసినాక కూడా నన్నలాగే పిలుత్తావేటి?’ అంది. హాస్యానికే అన్నట్టు అంది. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి చాప మీద పడుకుని చాలాసేపు కప్పు వైపు చూస్తూ ఉన్నాడు, నేను నిద్రపోయాననుకుని.

శబరిమల నుంచి వచ్చాక మాల తీశాడు. గడ్డం గీయించుకున్నాడు. మర్నాడు పొద్దున తెల్ల లుంగీ కట్టుకుని, కాళ్ళకు చెప్పులు వేసుకుని, అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. చీపురు చప్పుడు మలుపు తిరిగి మా వీధిలోకి వచ్చింది. మా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు. నాన్న పేపరు దించాడు, నోరు తెరిచాడు. ‘ఏ...’ అన్న అక్షరం బయటికి వచ్చేసింది. అక్కడే ఆగిపోయాడు. వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని నిలబడి చూస్తోంది.

‘ఏమమ్మా,’ అన్నాడు నాన్న. ‘టీ తాగి వెళ్ళు.’

ఆవిడ చీపురు గోడకు ఆనించి అరుగు మెట్టు మీద కూర్చుంది. అమ్మ పిట్టగోడ వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, మేము తాగే స్టీలు గ్లాసు కడిగి తెచ్చింది.